ఎవరీ మందాకిని?

“లే! లేవవే! ఇంటినిండా పేరంటాళ్ళుంటే మెట్లమీద చతికిలపడతావా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?”

అత్తగారు చంద్రభాగాబాయి గొంతు మేడమీది హాలు దాటి వీధిలోకి వినబడింది. చైత్రగౌరి అమ్మవారిని ఉయ్యాలలో కూర్చోబెట్టి, చుట్టూ దీపాలు పెట్టి, నలభైమంది ముత్తైదువలను పసుపుకుంకాలకు పిలిచిన రోజు అది. ఒళ్ళో నానబెట్టిన శనగలు పోయించుకుని కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి తలలు తిప్పి చూశారు. వంటింట్లోంచి మామిడికాయ పానకం గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని మేడ ఎక్కుతున్న సుహాసిని ఏడో మెట్టు దగ్గర కూలబడిపోయింది. గ్లాసులు ఒకదాని వెనక ఒకటి మెట్లమీద దొర్లాయి. పట్టుచీర పానకంతో తడిసి ముద్దయింది. లేవాలనే అనుకుంది పాపం! కానీ గాలి ఎంత పీల్చినా లోపలికి వెళ్ళడంలేదు. ఎవరో ఛాతీ మీద మోకాలు పెట్టి అదుముతున్నట్టుంది...

“ఊపిరి... ఊపిరాడటం లేదత్తయ్యా...”

“నీకెప్పుడాడింది గనక! పనున్న రోజున అసలే ఆడదు!”

ఒడిలోని శనగలు సర్దుకుంటూ పక్కింటి ఇల్లాలు మెల్లిగా, “డాక్టరుకి చూపించారా పిన్నీ? మొహం చూడండి, నీలంగా అయిపోయింది” అంది.

“చూపించకేం? దేవస్థళే డాక్టరుగారికే చూపించాం. ఒకసారి కాదు, ఐదుసార్లు! ఏం లేదన్నారు. ఏం లేని జబ్బుకి మందెక్కణ్ణించి తేనమ్మా నేను?”

ఆ మాటకు ఇద్దరు ముగ్గురు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు సుహాసినికి వినబడింది. ఊపిరాడకపోతే చెవులు కూడా పనిచేయకుండా పోతే ఎంత బాగుండేది! కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కూతురు వైజయంతి చెప్పులైనా విప్పకుండా మెట్లెక్కి తల్లిని ఒళ్ళోకి తీసుకుంది. అరగంట తర్వాత గాని సుహాసిని పెదవులకు మళ్ళీ రంగు రాలేదు. పేరంటం మాత్రం ఆగలేదు.

ఏం లేదు! ఈ రెండు మాటల మీద పద్నాలుగు నెలలు గడిచిపోయాయి ఆ ఇంట్లో. మహారాష్ట్రలోని సాంగ్లీలో దేవస్థళే డాక్టరంటే ఈ షెటేవారి కుటుంబానికి దేవుడి పటం పక్కన పెట్టదగ్గ మనిషి. మామగారికి పక్షవాతం వస్తే లేపి నడిపించిన చెయ్యి అది. అంత పెద్దాయన ఏం లేదన్నాక ఇంకేముంటుంది? ఉందని అన్న మనిషిదే తప్పు. పసుపు మార్కెట్లో కాటా గుమాస్తాగా పనిచేసే సుహాసిని భర్త గజానన్ చెడ్డవాడేమీ కాదు. సంచి పట్టుకుని మొదటి నాలుగుసార్లూ వెంట వచ్చాడు. కాకపోతే డాక్టరు ఎదట నిలబడగానే ఆయనకు చేతులు వాటంతటవే కట్టుకుపోయేవి.

ఆ ఆసుపత్రిలో పెత్తనమంతా బండోపంత్ అనే ముసలి కాంపౌండరుది. గుమ్మంలో బల్ల వేసుక్కూర్చుని, నంబరు కొట్టిన రేకుబిళ్ళలు పంచుతాడు. ఏ బిళ్ళ ఎప్పుడు పిలుస్తాడో ఆయన దయ. మందుల కంపెనీ కుర్రాళ్ళు నల్ల సంచులతో వచ్చి నవ్వుతూ లోపలికి పోతుంటారు, నవ్వుతూ బయటికి వస్తుంటారు. బయట బల్లల మీద దగ్గేవాళ్ళు దగ్గుతూనే ఉంటారు. మొదటిసారి మూడు గంటలు కూర్చుని లోపలికి వెళ్ళింది సుహాసిని. డాక్టరు ఆమె వైపు చూడనైనా లేదు.

“ఏమిటి గజానన్‌రావ్, సంగతేమిటి?”

“ఆయాసమంటోందండీ...”

“ఎప్పట్నించి?”

గజానన్ పెళ్ళాం వైపు చూశాడు. ఆమె నోరు తెరిచేలోపలే డాక్టరు కలం కాగితం మీద నడిచిపోయింది. “కడుపులో గ్యాస్. రాత్రిపూట శనగపిండి పెట్టకండి. ఏం లేదు.”

రెండోసారి వెళితే, నలభై దాటాయి గదా, ఈ వయసులో ఆడవాళ్ళకిది మామూలే అన్నాడు. మూడోసారి చీరకొంగు మీదుగానే గొట్టం ఆనించి, రెండు ఊపిర్లు కూడా వినకుండా తీసేశాడు. నాలుగోసారికి సుహాసిని తెలివి తెచ్చుకుని, మరిచిపోకుండా అన్నీ కాగితం మీద రాసుకెళ్ళింది. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, మూడు దిండ్లు పెట్టుకోవాలి, సాయంత్రానికి కాళ్ళు ఉబ్బుతాయి... డాక్టరు ఆ కాగితం అందుకుని గజానన్‌కి చూపించి పకపకా నవ్వాడు. “పరీక్ష పేపరు రాసుకొచ్చిందయ్యా మీ ఆవిడ! ఎన్ని మార్కులు వేయమంటావ్?” గజానన్ కూడా నవ్వాడు! డాక్టరు నవ్వితే నవ్వకుండా ఎలా ఉంటాడు? సుహాసిని ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో దాచుకుంది.

ఐదోసారి దగ్గులో ఎర్రటి చార కనబడింది. భయపడిపోయి ఒక్కతే ఆటోలో పరుగెత్తుకెళ్ళింది. బండోపంత్ కళ్ళజోడు మీంచి చూశాడు. “షెటేగారి కోడలా? మొన్న మంగళవారమేగా వచ్చావు! వారంలో రెండోసారి బిళ్ళ ఇవ్వను.”

“రక్తం పడిందండీ దగ్గులో...”

“గొంతు గీసుకుపోయుంటుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించు, పో.”

బతిమాలి, కన్నీళ్ళు పెట్టుకుని ఎలాగో లోపలికి వెళ్ళింది. ఆ రోజు మొదటిసారి గదిలో భర్త లేడు. గుండె చిక్కబట్టుకుని, ఇరవై రెండేళ్ళుగా నోటి దాకా రాని మాటను కూడదీసుకుని, “డాక్టరుగారూ, చిన్నప్పుడు నాకు...” అని మొదలుపెట్టింది.

“చిన్నప్పటి కథలిప్పుడెందుకమ్మా? బయట ముప్ఫైమంది ఉన్నారు. నిద్రకి మాత్రలు రాస్తున్నా, వేసుకో. ఏం లేదు.”

ఆ ‘ఏం లేదు’ ఆమె కంటే ముందే ఇంటికి చేరేది. ఏం లేదు గనక పైకి నీళ్ళ బిందెలు మోయాలి. ఏం లేదు గనక ఏకాదశికి ఉపవాసం ఉండాలి. ఏం లేదు గనక కాస్సేపు కూర్చుంటే బద్ధకం, కాస్త ఏడిస్తే నాటకం! ఒకసారి తోడుగా వెళ్ళిన వైజయంతి డాక్టరు బల్లమీద తెరిచి ఉన్న ఫైలులోకి తొంగిచూసింది. మొదటి పేజీలో, పైన, ఎర్రసిరాతో డాక్టరు ఇంగ్లీషులో రాసి కింద గీత గీసిన ముక్క చదివేసరికి దాని ఒళ్ళు మండిపోయింది. జబ్బేమీ లేదు, మనసు బలహీనం, ఊరికే వస్తుంటుంది అని దాని అర్థం. ఇక ఆ ఫైలు తెరిచిన వాడెవడూ సుహాసినిని చూడనక్కర్లేదు, ఆ గీత చూస్తే చాలు.

పేరంటాళ్ళంతా వెళ్ళిపోయాక, వంటింటి గోడకి ఆనుకుని కూర్చున్న తల్లి దగ్గరికి వచ్చింది వైజయంతి. కోపంతో దాని ముక్కుపుటాలు అదురుతున్నాయి.

“అమ్మా, నువ్వెందుకు నోరు విప్పవు? మీ అత్తగారు, మా ఆజీ, ఎన్నన్నా పడతావు, ఆ డాక్టరు నవ్వితే పడతావు! ఇవాళ మెట్లమీదే పోయుండేదానివి తెలుసా!”

సుహాసిని కూతురి చెయ్యి పట్టుకుని, తన జీవితంలో ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. పన్నెండేళ్ళప్పుడు, ఉత్తూరులో పుట్టింట్లో, మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచి మూడు నెలలు మంచం మీద ఉంది. మిరజ్ డాక్టరు పరీక్ష చేసి, ఆ జ్వరం గుండెలోని ఓ తలుపును పాడుచేసిందనీ, ఇరవై ఒక్క రోజులకోసారి ఇంజక్షను పడాలనీ, చాలా ఏళ్ళ పాటు మానకూడదనీ చెప్పాడు. నాన్న ఏ పని ఉన్నా మానుకుని, వానైనా ఎండైనా సరే, ఆ రోజుకి బస్సు ఎక్కించేవాడు. ఏడేళ్ళు! ఒక్క సూది కూడా తప్పలేదు...

“పెళ్ళి ముందు రోజు నాన్న నన్ను పక్కకి పిలిచాడే వైజూ. ‘అక్కడ ఆ జబ్బు సంగతి నువ్వుగా ఎత్తకమ్మా, నేను చూసుకున్నాను’ అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాచి పెళ్ళి చేస్తున్నాడని అర్థమైపోయింది నాకు. పెళ్ళైన మర్నాటి నుంచీ ఇంజక్షను లేదు. ఇప్పుడు నేను నోరు విప్పితే ఏమంటారు? జబ్బు పిల్లని అంటగట్టాడు, మోసగాడు అంటారు! చచ్చి పైనున్న మనిషిని నా చేతులతో నేనే బజారుకీడ్చనా?”

“నువ్వే లేకపోతే ఆయన పరువు ఏం చేసుకుంటావమ్మా?” అంటూ వైజయంతి భోరుమంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడుపు కూడా ఎక్కువసేపు ఏడవలేకపోయింది సుహాసిని, ఆయాసం వచ్చింది. అప్పుడు నిశ్చయించుకుంది, ఇక చెప్పేస్తానని, నాన్న తనని క్షమిస్తాడని. తెల్లారగానే వైజయంతి బస్సెక్కి ఉత్తూరు వెళ్ళి, మేనమామ చేత పెట్టెలన్నీ వెతికించి, చివరికి ఒక నీలిరంగు అట్టకార్డు పట్టుకొచ్చింది. దానినిండా వరసగా తేదీలు, ప్రతి తేదీ పక్కన ఓ పొడి సంతకం. చివరి తేదీ పెళ్ళికి పదిహేను రోజుల ముందుది.

మర్నాడు భర్త, కూతురితో కలిసి సుహాసిని మళ్ళీ ఆసుపత్రికి బయల్దేరుతుంటే చంద్రభాగాబాయి కూడా చెప్పులు వేసుకుంది. పండరిపురం కాలినడకన వెళ్ళొచ్చే ఆవిడకి డెబ్భై ఏళ్ళంటే ఎవరూ నమ్మరు. మెళ్ళో తులసిపూసలు సర్దుకుంటూ, “నేనూ వస్తా. ఈ నాటకమేమిటో డాక్టరు నోటే తేల్చుకుందాం. నలుగురిలో నా పరువు తీసింది!” అంది. కానీ ఆటో ఎక్కిందగ్గర్నించీ ఎందుకో ఆ పూసలు వేళ్ళ మధ్య తిరుగుతూనే ఉన్నాయి.

ఆ రోజు బిళ్ళ నంబరు పదిహేడు. పదహారు పిలిచాక ముగ్గురు మందుల కంపెనీ వాళ్ళు వెళ్ళారు, ఆ తర్వాత ఎవరో నాయకుడి బావమరిది వెళ్ళాడు, ఆ తర్వాత డాక్టరుగారి టీ వెళ్ళింది. వైజయంతి లేచి బల్ల మీద చెయ్యి వేసి, “మా అమ్మ కూర్చోలేకపోతోంది, కాస్త ముందు పంపండి” అంది.

“అందరూ కూర్చోలేకే వస్తారమ్మా ఇక్కడికి. కూర్చోగలిగినవాళ్ళు ఇంట్లోనే కూర్చుంటారు” అన్నాడు బండోపంత్, తన తెలివికి తనే మురిసిపోతూ.

ఎట్టకేలకు పిలుపు వచ్చింది. నలుగురూ లోపలికి వెళ్ళారు. డాక్టరు చంద్రభాగాబాయిని చూసి మొహం చేటంత చేసుకున్నాడు. “రండి ఆజీ, రండి! ఈ వయసులో కూడా ఎంత గట్టిగా ఉన్నారు! ఈ కాలం కోడళ్ళున్నారు చూశారూ, రెండు మెట్లెక్కితే మంచం ఎక్కుతారు!” అన్నాడు. ఇంకోరోజైతే ఆ మాటకి ఆవిడ పొంగిపోయేదే. ఇవాళ నవ్వలేదు.

సుహాసిని నీలికార్డు తీసి బల్లమీద పెట్టింది. “డాక్టరుగారూ, ఇది ఒక్కసారి చూడండి. చిన్నప్పుడు నాకు కీళ్ళజ్వరం వచ్చింది. గుండెకి...”

ఆయన కార్డుని రెండువేళ్ళతో ఎత్తి, దూరంగా పట్టుకుని చదివాడు. “మందాకిని బాపూసాహెబ్ ఉత్తురే. ఎవరీ మందాకిని?”

“నేనేనండీ. పెళ్ళికి ముందు పేరు.”

పక్కనే నిలబడ్డ బండోపంత్ గొంతు సవరించుకున్నాడు. “వేరే పేరున్న కాగితం మన ఫైల్లో పెట్టడానికి లేదండీ. పోయినేడు ఒకళ్ళ ఎక్స్‌రే ఇంకొకళ్ళ దాంట్లో పెట్టి ఎంత గొడవైంది!”

“అంతే కదా మరి!” డాక్టరు కార్డుని బల్లమీద పడేశాడు. “పెళ్ళైతే పేర్లు మారతాయి, నాకు తెలీదా? కానీ ఏ ఊళ్ళో చూసినా నలుగురు మందాకినులుంటారు. ఎవరిదో పాతకార్డు తెచ్చి ఇది నాదే అంటే నమ్మెయ్యాలా? ఇలాంటి మనుషులు నాకు కొత్త కాదు. ఎక్కడో ఓ జబ్బు పేరు వింటారు, అది తమకే ఉందంటారు. ఏమయ్యా గజానన్, ఈ జబ్బు సంగతి నీకెప్పుడైనా చెప్పిందా?”

గజానన్ మొహం పాలిపోయింది. “పేరు... పేరు మందాకినేనండీ. కానీ ఇలాంటిదేదీ నాకెప్పుడూ చెప్పలేదు...”

“చూశావా! ఇరవై రెండేళ్ళు మొగుడికి చెప్పని జబ్బు, ఇప్పుడెక్కణ్ణించి పుట్టుకొచ్చింది?”

గజానన్ పెళ్ళాం వైపు తిరిగాడు. ఆ కళ్ళలో మొదట అయోమయం, ఆ వెనకే కోపం. ఆమె ఇరవై రెండేళ్ళుగా ఏ మాటకి భయపడిందో సరిగ్గా ఆ మాటే ఆయన నోటివెంట వచ్చింది. “అంటే... మీ నాన్న ఇంత జబ్బు దాచిపెట్టి, మోసం చేసి నిన్ను మాకు కట్టబెట్టాడా?”

సుహాసిని నీలికార్డుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నాన్నా, నన్ను క్షమించు నాన్నా! నీ పరువు నేనే తీశాను... పోనీ నిజం చెప్పినందుకు ఎవరైనా నమ్మారా అంటే, అదీ లేదు! జబ్బు లేదంటాడు ఒకడు, దాచిందంటాడు ఇంకొకడు. ఉందో లేదో కూడా తేలని జబ్బుతో ఊపిరి మాత్రం ఆగిపోతోంది. ఆమె కుర్చీ అంచు పట్టుకుని, గట్టిగా ఏడవడానికి కూడా శక్తి చాలక, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంది.

“ఆయన దాచలేదురా.”

అందరూ తిరిగి చూశారు. చంద్రభాగాబాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ గొంతు ఆవిడది కానట్టే ఉంది.

“దాచలేదురా గజా! ఆ మహానుభావుడు నాకు చెప్పాడు. పెళ్ళి ముందురోజు తలపాగా తీసి చేతిలో పట్టుకుని, నా ఎదట దోషిలా నిలబడ్డాడు. ‘పిల్లకి మూడు వారాలకోసారి సూది పడాలి, దయచేసి మాన్పించకండి, ఇష్టం లేకపోతే ఇప్పుడే కాదనండి’ అన్నాడు. ఈ పిల్లని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది మరి! నీకప్పటికే రెండు సంబంధాలు తప్పాయి. నేనే అన్నాను. ‘రేపు పళ్ళెంలో బియ్యం పోసి మా వాడి చేత ఉంగరంతో కొత్త పేరు రాయిస్తాం. పాత పేరుతో ఉన్న పీడ ఆ పేరుతోనే పోతుంది. సూదులూ వద్దు, గీదులూ వద్దు. మా ఇంట్లో ఎవరికీ చెప్పకు, మీ అమ్మాయినీ నోరెత్తొద్దని చెప్పు’ అన్నాను. ఆయన ఏం చేస్తాడు? ఆడపిల్ల తండ్రి! నన్ను నమ్మాడు...”

ఆవిడ తులసిపూసల్ని గుప్పిట్లో బిగించింది. “పేరు మార్చాను గానీ పిల్ల మారలేదురా! ఇది ఆయాసపడ్డప్పుడల్లా నా గుండెల్లో రాయి పడేది. ఇక్కడికి వచ్చి ఏం లేదు అనిపించుకుని వెళితే, గండం గడిచిందనుకునేదాన్ని. ఆ ఏం లేదు కోసమేరా నేనంత అరిచింది! నాటకం నాటకం అని దీన్నెన్ని అన్నానో! అది నిజమైతే నేను హంతకురాలిని కదా!”

వైజయంతి చేత్తో నోరు మూసుకుంది. సుహాసినికి ఏమీ అర్థం కాలేదు, ఆ వెనకే అంతా ఒక్కసారిగా అర్థమైంది. నాన్న దాచలేదు! ‘నేను చూసుకున్నాను’ అంటే, చెప్పాను అని! ఇరవై రెండేళ్ళు తను ఎవరి పరువు కోసం నోరు కుట్టేసుకుందో, ఆయన తలెత్తుకుని వెళ్ళిపోయాడు... ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రహస్యాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారన్నమాట!

డాక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. అవును, గడియారమే చూసుకున్నాడు! “మీ ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోండి ఆజీ. నాకు పేషెంట్లున్నారు. ఇవన్నీ ముందే చెప్పి ఉండాల్సింది.”

“చెప్పాను.” సుహాసిని గొంతు సన్నగానే ఉంది, కానీ వణకలేదు. “పద్నాలుగు నెలలుగా చెబుతున్నాను. నోటితో చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను. చిన్నప్పటి కథలెందుకన్నది మీరే. నా పేరు మందాకినో సుహాసినో తేల్చడం తర్వాత. ఇన్నిసార్లు వచ్చానే, ఒక్కసారైనా నా మొహం చూశారా మీరు?”

“అమ్మా, నాకు నేర్పుతున్నావా? ముప్ఫై ఏళ్ళ అనుభవం నాది!”

“ముప్ఫై ఏళ్ళు నీ దగ్గరే పెట్టుకో నాయనా!” చంద్రభాగాబాయి బల్ల దాకా వచ్చింది. “నిన్ను దేవుడన్నాను. ముందు దాని గుండె మీద ఆ గొట్టం పెట్టి విను. కొంగు మీద కాదు, సరిగ్గా పెట్టు!”

డాక్టరు మొహం కందగడ్డ అయింది. గొట్టం ముట్టుకోలేదు. “బండోపంత్! పద్దెనిమిదో నంబరుని పంపు. వీళ్ళని బయటికి తీసుకెళ్ళు.”

బయటికి వస్తుంటే బండోపంత్ వెంటపడ్డాడు. “ఫైలు ఆసుపత్రిదమ్మా, బయటికివ్వం, అడక్కండి” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

“ఉంచుకో,” అంది చంద్రభాగాబాయి. “అందులో మా కోడలు లేదు.”

ఆ ఆటోని ఇంటికి పోనివ్వలేదు, మిరజ్ పెద్దాసుపత్రికి తిప్పించారు. దారిలో గజానన్ ఆమె వైపు తిరిగాడు. “నువ్వు చెబుతున్నప్పుడల్లా నేను ఆయన మొహమే చూశాను, సుహాస్. నీ మొహం చూడలేదు. నవ్వాను కూడా... ఆ రోజు నవ్వాను కూడా!” అంటూ పెద్ద మార్కెట్ గుమాస్తా, నలభై ఎనిమిదేళ్ళవాడు, ఆటోవాడు వింటున్నాడన్న సిగ్గైనా లేకుండా ఏడ్చాడు. పర్వాలేదు అనడం సుహాసినికి అలవాటే. కానీ ఆ రోజు ఆ మాట నోటికి రాలేదు.

పెద్దాసుపత్రిలో కూడా వరసలున్నాయి, గంటల తరబడి నిలబడడాలున్నాయి. కానీ గుమ్మంలో ఉన్న నర్సు సుహాసిని పెదవుల రంగు చూసి, ఎవర్నీ అడక్కుండా చక్రాల కుర్చీ తెచ్చింది. లోపల సబీహా ముల్లా అనే డాక్టరమ్మ, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, తెర లాగి, కొంగు తొలగించి, గొట్టం గుండె మీద ఆనించి కళ్ళు మూసుకుంది. వింది. ఎడమవైపు తిరిగి పడుకోమని మళ్ళీ వింది. మాట్లాడబోయిన గజానన్‌ని చెయ్యెత్తి ఆపి, ఇంకా వింది. ఎంతసేపు వింటే అంతసేపూ సుహాసిని కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారుతూనే ఉన్నాయి. ఇంతసేపు తన మాట ఎవరు విన్నారు ఈ లోకంలో?

సాయంత్రానికి పరీక్షలన్నీ అయ్యాయి. సబీహా నీలికార్డుని పక్కనే పెట్టుకుని, నలుగురినీ కూర్చోబెట్టి చెప్పింది. గుండెలో ఓ కవాటం బాగా ఇరుకైపోయింది. ఏడాది ముందు వచ్చి ఉంటే కాలి నరంలోంచి సన్నటి గొట్టం పంపి తెరవడానికి వీలుండేది. ఇప్పుడది గట్టిపడిపోయింది, ఛాతీ తెరవాల్సిందే. ప్రమాదం లేదని చెప్పను, అలాగని ఆశ వదులుకోవాల్సిన పని కూడా లేదు అంది. ఏడాది ముందు! వైజయంతి పళ్ళు కొరికింది. ఏడాది ముందు అమ్మ మూడోసారి రేకుబిళ్ళ పట్టుకుని ఆ బల్ల మీద కూర్చుని ఉంది.

“ఇప్పుడు మొదట్నించీ రాసుకోవాలి నేను,” అంది సబీహా కలం తీస్తూ. “పంతొమ్మిదేళ్ళ వరకూ ఇంజక్షన్లు చక్కగా పడ్డాయి. ఒక్కటి కూడా తప్పలేదు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎవరు ఆపారు?”

గజానన్ తల దించుకున్నాడు. వైజయంతి ఆజీ వైపు చూసి, చూపు మరల్చుకుంది. పరాయి మనిషి ఎదట ఇంటి పెద్ద తప్పు బయటపెట్టడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. అలాంటప్పుడు ఏదో ఒక అబద్ధం అల్లి అందరినీ కాపాడే మనిషి సుహాసిని ఒక్కతే ఉంది ఆ ఇంట్లో. అందరూ ఆమె నోటి కోసమే చూస్తున్నారు.

“నేనమ్మా,” అంది చంద్రభాగాబాయి. “నేను ఆపించాను. నా పేరు రాసుకో. చంద్రభాగా విఠోబా షెటే.” చెబుతూ చెబుతూనే కోడలి వైపు చూసింది. కాదు డాక్టరమ్మా, ఆవిడ తప్పేం లేదు అని కోడలు అంటుందని ఎదురుచూసిన చూపు అది.

సుహాసిని ఆ మాట అనలేదు. అనడానికి మనసు రాలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టుగా ఉండనిచ్చింది. కలం కాగితం మీద కదిలినంతసేపూ చూసింది. ముసలావిడ భుజాలు ఎగిరెగిరిపడుతుంటే, కుర్చీ కొంచెం దగ్గరికి జరిపి, తులసిపూసలు బిగించిన ఆ గుప్పిటిని తన చేతిలోకి తీసుకుంది. ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళే రోజున కూడా, తలుపు దాకా, ఆ చేతిని వదల్లేదు.